చిన్న ఇంటికి చవక వైఫై ఎక్స్‌టెండర్: డబ్బా మీద అంకె కాకుండా ఇంకేం చూడాలి

చిన్న ఇల్లే, రౌటర్ ముందు గదిలోనే ఉంటుంది, అయినా వెనక పడకగదిలో వీడియో ఆగి ఆగి నడుస్తుంది, కాల్ మాట్లాడుతుంటే గొంతు తెగిపోతుంది. ఎవరో ఒకరు ఎక్స్‌టెండర్ పెట్టుకోమంటారు. వెతికితే ఒకదాని మీద 300 అని, ఇంకోదాని మీద 750 అని, మరోదాని మీద 1200 అని అంకెలుంటాయి, ఎంత పెద్ద అంకె ఉంటే అంత మంచిదేమో అనిపిస్తుంది, లేదా ఏదైతే ఏముందిలే అని అన్నిటికంటే చవకది తీసేసుకుంటాం. తీరా పెట్టాక సిగ్నల్ గీతలు నిండుగా వస్తాయి గానీ స్పీడ్ ఎప్పట్లాగే ఏడుస్తుంది. ఒక్కోసారి ఇంకా తగ్గుతుంది కూడా.

ఎందుకలా అంటే, ఎక్స్‌టెండర్ చేసే పని నిజానికి చాలా చిన్నది. రౌటర్ పంపిన డేటాని గాలిలోంచి అందుకుని మళ్లీ గాలిలోకే వదులుతుంది, ఫోన్ నుంచి వచ్చింది అటు రౌటర్‌కి చేరవేస్తుంది, అంతే. తనకి అందినదానికంటే ఎక్కువ ఇవ్వడం దానివల్ల కాదు. రౌటర్ నుంచి దానికి చేరేదే 20 ఎంబీపీఎస్ అయితే, ఎక్స్‌టెండర్‌కి ఆనుకుని కూర్చున్నా ఫోన్‌లో 20 దాటదు. గీతలు నిండుగా ఎందుకున్నాయంటారా, అవి ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య సంగతి చెబుతున్నాయి. ఎక్స్‌టెండర్‌కీ రౌటర్‌కీ మధ్య ఏం జరుగుతోందో ఫోన్‌కి తెలియదు, కాబట్టి చూపించదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. వైఫైలో ఒక చానెల్ మీద, అంటే సిగ్నల్ నడిచే ఒక దారి మీద, ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. ఒకే రేడియోతో అటూ ఇటూ పనిచేసే ఎక్స్‌టెండర్, రెండు భాషల వాళ్ల మధ్య కూర్చున్న దుబాసీ లాంటిది: వినేటప్పుడు చెప్పలేదు, చెప్పేటప్పుడు వినలేదు. ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణం చేయాలి, అందుకే మిగతా అన్నీ బాగున్నా స్పీడ్ దాదాపు సగానికి పడిపోతుంది. పైగా ఎక్స్‌టెండర్ మాట్లాడుతున్నంతసేపూ అదే చానెల్ మీద ఉన్న మిగతా ఫోన్లూ, టీవీలూ ఆగాలి. అంటే ఎక్స్‌టెండర్ వాడని వాళ్లకి కూడా కొంచెం కోత పడుతుంది. ఈ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు.

కొనే ముందు అయిదు నిమిషాల పని ఒకటుంది. ఫోన్ తీసుకుని రౌటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయాలి, తర్వాత ఇబ్బంది పెడుతున్న గదిలో చేయాలి. రౌటర్ పక్కన కూడా స్పీడ్ రావడం లేదంటే గొడవ కనెక్షన్‌లోనో రౌటర్‌లోనో ఉంది, ఎక్స్‌టెండర్ ఎన్ని పెట్టినా లాభం లేదు. అక్కడ బాగుండి లోపల గదిలో పడిపోతుంటేనే ఈ వ్యాసంలో మిగతాది చదవడం దండగ కాదు.

అప్పుడు కూడా ముందు రౌటర్ ఎక్కడుందో చూడాలి. చాలా ఇళ్లలో అది టీవీ వెనకో, చెక్క అల్మరా లోపలో, నేల మీదో, లేకపోతే కేబుల్ లోపలికి వచ్చిన మూలలోనో పడి ఉంటుంది. టీవీ వెనక ఉండే లోహపు పలక, ఫ్రిజ్, పెద్ద అద్దం, చేపల తొట్టి, ఇనుప చువ్వలున్న కాంక్రీటు గోడ, ఇవన్నీ సిగ్నల్‌ని మింగేవో, తిప్పికొట్టేవో. రౌటర్‌ని ఛాతీ ఎత్తులో, ఇంటి మధ్యకి దగ్గరగా, బయటికి కనిపించేలా పెడితే రెండు మూడు గదుల ఇంట్లో చాలాసార్లు సమస్య అక్కడితోనే తీరిపోతుంది. దాన్ని కదపాలంటే కొంచెం పొడవైన కేబుల్ కావాలి, అంతకుమించి ఖర్చు లేదు. యాంటెన్నాలు బయటికి ఉంటే నిలువుగా ఉంచాలి, ఎందుకంటే వాటి సిగ్నల్ చుట్టుపక్కలకి ఎక్కువగా, కొస వైపు తక్కువగా వెళుతుంది. వెనక గది వైపు యాంటెన్నాని తుపాకీలా గురిపెట్టేవాళ్లు ఉంటారు, అది సరిగ్గా ఉల్టా పని.

ఇంత చేశాక కూడా లోపలి గది దారికి రాకపోతే, అప్పుడు అంకెల దగ్గరికి వద్దాం.

డబ్బా మీద ఉండే ఎన్300, ఏసీ750, ఏసీ1200, ఏఎక్స్1500 లాంటి పేర్లలో అక్షరాలు ఏ తరం వైఫైయో చెబుతాయి. ఎన్ అంటే వైఫై 4, ఏసీ అంటే వైఫై 5, ఏఎక్స్ అంటే వైఫై 6. అక్షరాల తర్వాత అంకె మాత్రం వైఫై నడిచే 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల (తరంగాల పట్టీల) స్పీడ్‌నీ కూడి, దగ్గరి గుండ్రటి అంకెకి సర్దేసింది. ఏసీ750 అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 433. ఏసీ1200 అంటే 300కి 867 కలిపినది. ఏఎక్స్1500 అంటే 300, 1201. ఫోన్ ఒక సమయంలో మామూలుగా ఒక బ్యాండ్‌నే వాడుతుంది కాబట్టి ఈ మొత్తం స్పీడ్‌ని ఏ ఒక్క ఫోనూ ఎప్పటికీ చూడదు. విడివిడి అంకెలు కూడా రేడియోలు తమలో తాము ఒప్పుకునే గరిష్ఠ లింక్ స్పీడ్‌లు. నిజంగా డేటా నడిచేది అందులో సగమో, ఇంకాస్త పైనో ఉంటుంది, అదీ గోడలు అడ్డం లేకుండా.

2.4 మీద రాసే 300 గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది దాదాపు కాగితం మీద అంకె. అది రావాలంటే 40 మెగాహెర్ట్జ్ వెడల్పు చానెల్ కావాలి. 2.4 బ్యాండ్ మొత్తంలో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే 20 మెగాహెర్ట్జ్ చానెళ్లే మూడు, 1, 6, 11. చుట్టూ పది ఇళ్ల వైఫైలు ఉన్న చోట రెండింతల వెడల్పు తీసుకోవడం కుదరదు, చాలా రౌటర్లు తమంతట తామే 20కి తగ్గిపోతాయి, అప్పుడు ఆ 300 కాస్తా 144 అవుతుంది. అందులో నిజంగా అందేది ఇంకా తక్కువ, దాన్ని ఒకే రేడియో ఎక్స్‌టెండర్ మళ్లీ సగం చేస్తుంది. బ్లూటూత్ కూడా ఇదే బ్యాండ్‌లో ఉంది, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇక్కడే గోల చేస్తుంది. అందుకే ఎన్300 ఎక్స్‌టెండర్ ఎంత చవకగా దొరికినా వీడియోలు, ఆన్‌లైన్ క్లాసులు, కాల్స్ కోసం కొనడం అనవసరం. బయట గేటు దగ్గర కెమెరాకో, స్మార్ట్ బల్బుకో అయితే సరిపోతుంది, వాటిలో చాలావరకు 2.4 మీద మాత్రమే పనిచేస్తాయి, స్పీడ్ కూడా పెద్దగా అడగవు.

కాబట్టి కనీసం రెండు బ్యాండ్లున్నది తీసుకోవాలి. దాని లాభం ఏమిటంటే, రౌటర్‌తో ఒక బ్యాండ్‌లో మాట్లాడుతూ ఫోన్‌కి ఇంకో బ్యాండ్‌లో ఇవ్వగలదు. రేడియోలు రెండు కాబట్టి ఒకటి వింటుంటే రెండోది చెబుతుంది, సగం కోత తప్పుతుంది. అయితే అలా చేసినా ఆ రెండు బ్యాండ్లలో ఏది నెమ్మదిగా ఉంటే దాని స్పీడే చివరికి చేతికి వస్తుంది. రౌటర్ నుంచి 5 మీద 200 అందుకుని, ఫోన్‌కి 2.4 మీద ఇస్తే 50, 60 దగ్గర ఆగిపోవచ్చు. అదే 5 మీద అందుకుని 5 మీదే ఇస్తే సగం కోత పడినా 100 వస్తుంది. అంటే సగం చేసే పద్ధతే ఇక్కడ గెలుస్తుంది, వినడానికి వింతగా ఉన్నా లెక్క అదే. ఇక్కడే ఏసీ750కీ ఏసీ1200కీ తేడా తెలుస్తుంది. 5 మీద 433 నుంచి మొదలై సగం కావడం వేరు, 867 నుంచి మొదలై సగం కావడం వేరు. నెలవారీ ప్లాన్ 50 ఎంబీపీఎస్ లోపే అయితే ఏసీ750 కూడా తడబడకుండా లాగుతుంది. 100, ఆపైన ప్లాన్ ఉండి, లోపలి గదిలో కూడా అందులో ఎక్కువ భాగం కావాలంటే ఏసీ1200 కంటే కిందికి వెళ్లకపోవడమే మంచిది. ధరలో తేడా తక్కువగా ఉంటే ఆలోచించాల్సిన పని కూడా లేదు.

వైఫై 6 ఎక్స్‌టెండర్ తీసుకోవాలా అంటే, ముందు రౌటర్ ఏ తరానిదో చూడాలి. రౌటర్ వైఫై 5ది అయితే దానికీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య లింక్ వైఫై 5 పద్ధతిలోనే నడుస్తుంది, ఏఎక్స్‌కి పెట్టిన అదనపు డబ్బులు సగం గాల్లో కలుస్తాయి. రౌటర్ కూడా వైఫై 6ది అయితే మాత్రం ఏఎక్స్ తీసుకోవచ్చు, ముఖ్యంగా ఇంట్లో ఒకేసారి చాలా ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు నడుస్తుంటే. వైఫై 7కి ధృవీకరణ 2024 జనవరిలో మొదలైంది గానీ బడ్జెట్ ఎక్స్‌టెండర్ గురించి మాట్లాడుకునేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఈథర్నెట్ పోర్ట్, అంటే నెట్ కేబుల్ గుచ్చే చోటు. చవక మోడళ్లలో పోర్ట్ ఉంటుంది, కానీ అది చాలావాటిలో 10/100 రకం. అంటే కేబుల్ ద్వారా 100 ఎంబీపీఎస్ కంటే ఎక్కువ పోదు, చేతికి వచ్చేది 94, 95 దాకా. ఏసీ1200 అని పెద్దగా రాసిన డబ్బాలో కూడా ఈ పోర్టే ఉండొచ్చు, వివరాల పట్టికలో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో రాస్తారు. గిగాబిట్ పోర్ట్ ఉంటే మంచిది, లేకపోయినా 100 లోపు ప్లాన్‌కి నష్టం లేదు. అసలు పోర్టే లేనిది మాత్రం వదిలేయాలి.

ఎందుకంటే ఆ పోర్ట్ రెండు రకాలుగా పనికొస్తుంది. ఒకటి, వైఫై లేని పాత కంప్యూటర్‌నో టీవీనో కేబుల్‌తో ఎక్స్‌టెండర్‌కి తగిలించుకోవచ్చు. రెండోది ఇంకా విలువైనది. మోడల్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే, రౌటర్ నుంచి కేబుల్ లాగి ఎక్స్‌టెండర్‌కి పెట్టేయొచ్చు, అప్పుడు అది గాలిలోంచి అందుకోవాల్సిన పనే లేదు, సగం కోతా లేదు, దూరం గొడవా లేదు. క్యాట్ 5ఈ కేబుల్ 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, చిన్న ఇంటికి అందులో పదో వంతో, అయిదో వంతో చాలు. గోడ అంచు వెంట కేబుల్ లాగడానికి ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటే, చవక ఎక్స్‌టెండర్‌తో కేబుల్ కలిపి పెట్టిన ఏర్పాటు, కేబుల్ లేని ఖరీదైన ఎక్స్‌టెండర్‌ని సులువుగా దాటేస్తుంది. ఒప్పించడం కష్టమే, అది వేరే సంగతి.

పాత రౌటర్ ఒకటి అటక మీద పడి ఉంటే దాని సెట్టింగుల్లో కూడా యాక్సెస్ పాయింట్ మోడో, ఎక్స్‌టెండర్‌లా పనిచేయించే రిపీటర్ మోడో ఉందేమో ఒకసారి చూడాలి. ఉంటే కొత్తది కొనకుండానే పని అయిపోవచ్చు. కానీ కంపెనీ అప్‌డేట్లు ఆపేసి ఏళ్లయిన రౌటర్ అయితే దాన్ని మళ్లీ వాడకపోవడమే క్షేమం.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. ఎక్స్‌టెండర్ పని చేయలేదని తిట్టుకునే ఇళ్లలో మొదట అనుమానించాల్సింది దీన్నే. సిగ్నల్ లేని గదిలో పెట్టేస్తారు, అక్కడే కదా కావాల్సింది అని. అక్కడ సిగ్నల్ లేకపోతే ఎక్స్‌టెండర్‌కి కూడా లేనట్టే కదా, అది ఏం అందుకుంటుంది, ఏం పంచుతుంది? రౌటర్‌కీ ఆ గదికీ మధ్యలో, ఇంకా చెప్పాలంటే సగం దారి కంటే కాస్త రౌటర్ వైపుకి, సిగ్నల్ ఇంకా గట్టిగా ఉన్న చోట పెట్టాలి. గది లోపల కాకుండా గది గుమ్మం ఎదురుగా ఉన్న నడవా ప్లగ్ అయితే ఇంకా బాగుంటుంది, గోడకి బదులు తలుపు గుండా సిగ్నల్ లోపలికి వెళుతుంది.

ఆ చోటు ఎక్కడో గీతలు చూసి చెప్పలేం. ఆండ్రాయిడ్‌లో ఉచిత వైఫై అనలైజర్ యాప్‌లు సిగ్నల్‌ని డీబీఎంలో చూపిస్తాయి. అది మైనస్ అంకె, సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత బలం. మైనస్ 50 అంటే చాలా బాగుంది, మైనస్ 67 దాకా వీడియో, కాల్స్ హాయిగా నడుస్తాయి, మైనస్ 70 దాటితే తడబాటు మొదలవుతుంది, మైనస్ 80 అంటే ఉన్నా లేనట్టే. ప్రతి 3 డీబీఎంకీ బలం సగం అవుతుంది కాబట్టి 60కీ 70కీ తేడా చిన్నదని అనుకోకూడదు, అది పదింతలు. ఫోన్ పట్టుకుని నడుస్తూ రౌటర్ 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ మైనస్ 60, 65 మధ్య ఉన్న ప్లగ్ పాయింట్ ఎక్కడుందో వెతకాలి, ఎక్స్‌టెండర్ అక్కడికి. 2.4 సిగ్నల్ చూసి పొరబడకూడదు, అది గోడల్ని ఎక్కువ దాటుతుంది కాబట్టి ఎప్పుడూ బలంగానే కనిపిస్తుంది. 5 మీద లింక్ దొరకని చోట పెడితే రెండు బ్యాండ్ల ఎక్స్‌టెండర్ కూడా 2.4తో సరిపెట్టుకుని కూర్చుంటుంది, మళ్లీ ఎన్300 కొన్నట్టే లెక్క. ఎక్స్‌టెండర్ ఒంటిమీద ఉండే సిగ్నల్ లైట్‌ని కూడా నమ్మొచ్చు గానీ, అది ఏ బ్యాండ్ గురించి చెబుతోందో మాన్యువల్‌లో చూసుకోవాలి.

5 గిగాహెర్ట్జ్‌తో ఇంకో విచిత్రం ఉంది. చాలా దేశాల్లో 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లని రాడార్లు కూడా వాడతాయి, రాడార్ కనిపిస్తే వైఫై తప్పుకోవాలన్నది నిబంధన. ఆ తప్పుకునే ఏర్పాటు లేని చవక ఎక్స్‌టెండర్లు ఆ చానెళ్లని అసలు వాడవు. రౌటర్ తనంతట తాను వెళ్లి చానెల్ 100 మీద కూర్చుంటే ఎక్స్‌టెండర్‌కి 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ కనిపించనే కనిపించదు, వస్తువు పాడైందనుకుని వెనక్కి పంపేస్తారు. రౌటర్ సెట్టింగుల్లో 5 గిగాహెర్ట్జ్ చానెల్‌ని ఆటో నుంచి తీసి 36కో 44కో మార్చితే వెంటనే కనిపిస్తుంది.

పేరు సంగతి. ఎక్స్‌టెండర్‌కి రౌటర్ పేరే పెట్టాలా, వేరే పేరా? ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్ పెడితే ఫోన్ తనే మారుతుందని ఆశ. కానీ ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోన్, చాలా ఫోన్లు మొదట పట్టుకున్నదాన్ని చివరి ఊపిరి దాకా వదలవు. ముందు గదిలో రౌటర్‌కి తగులుకున్న ఫోన్ పడకగదిలోకి వచ్చి ఎక్స్‌టెండర్ పక్కనే ఉన్నా రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. రౌటర్, ఎక్స్‌టెండర్ ఒకే కంపెనీవి అయి, రెండిటికీ ఆ కంపెనీ మెష్ పద్ధతి (పరికరాలన్నీ ఒకే నెట్‌వర్క్‌లా కలిసి పనిచేసేది) ఉంటే ఇది కొంత మెరుగుపడుతుంది, రెండూ కలిసి ఫోన్‌ని పక్కకి మళ్లించే ప్రయత్నం చేస్తాయి. వేర్వేరు కంపెనీలైతే, వైఫై ప్రమాణాలు చూసే వైఫై అలయన్స్ అనే సంస్థ 2018లో తెచ్చిన ఈజీమెష్ అనే ఉమ్మడి మెష్ పద్ధతి రెండిటిలోనూ ఉందేమో చూడొచ్చు. ఏదీ లేకపోతే, ఒకే చోట ఉండే టీవీకి, డెస్క్‌టాప్‌కి వేరే పేరు సుఖం, ఏది దేనికి తగులుకుందో మన చేతిలో ఉంటుంది. ఇల్లంతా తిరిగే ఫోన్లకి ఒకే పేరు పెట్టుకుని, మరీ విసిగిస్తే వైఫై ఆపి మళ్లీ వేయడమే మార్గం.

గేమ్‌లు ఆడేవాళ్లకి ఒక మాట. ఎక్స్‌టెండర్ మధ్యలోకి వస్తే స్పీడ్ బాగున్నా ఆలస్యం కొంత పెరుగుతుంది, అది నిలకడగా కూడా ఉండదు, ఉన్నట్టుండి ఎగురుతుంది. వీడియో చూసేవాళ్లకి తెలియదు, గేమ్‌లో మాత్రం అదే ప్రాణం తీస్తుంది. వాళ్లకి కేబులే గతి.

సెటప్ చేసేటప్పుడు బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్ పద్ధతి సులువే గానీ, దానిలో ఉండే పిన్‌ని ఊహించి లోపలికి రావచ్చని 2011లోనే బయటపడింది. పని అయ్యాక రౌటర్‌లో దాన్ని ఆపేయడం మంచిది. కొత్త రకం వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టిన రౌటర్‌తో ఆ బటన్ ఎలాగూ పనిచేయదు, పాత రకం ఎక్స్‌టెండర్ అసలు కలవకపోవచ్చు కూడా, అప్పుడు రౌటర్‌లో దాని ముందు తరం డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపి ఉండే ఎంపిక పెట్టాలి. ఎక్స్‌టెండర్‌కి సొంత అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంటుంది, దాన్ని మార్చకుండా వదిలేయకూడదు. ఈ కారణంగానే, కంపెనీ పేరు కూడా తెలియని, ప్రకటనల్లో మాత్రమే కనిపించే బుల్లి బూస్టర్ల జోలికి పోకపోవడం మంచిది. ఇంటర్నెట్ బిల్లు తగ్గిస్తుందనో, ప్లాన్ స్పీడ్‌ని పెంచుతుందనో ఎవరైనా రాస్తే అది పచ్చి అబద్ధం. ఎక్స్‌టెండర్ వైపు నుంచి ప్లాన్‌ని మార్చే దారే లేదు. అప్‌డేట్లు ఇచ్చే సైట్, మాన్యువల్, ఈథర్నెట్ వివరాలు దొరకని వస్తువు ఎంత చవకైనా ఖరీదే.

మెష్ కిట్ కొనాలా అనే ప్రశ్న కూడా వస్తుంది. ఒకే గది ఇబ్బంది పెడుతుంటే అక్కర్లేదు. రెండు అంతస్తులుండి, మూడు నాలుగు చోట్ల సిగ్నల్ పడిపోతుంటే ఎక్స్‌టెండర్‌కి ఇంకో ఎక్స్‌టెండర్ తగిలించే ఆలోచన మానుకోవాలి, ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ కోత పడుతుంది. అక్కడ రెండు పరికరాల మెష్ తీసుకోవడమే మేలు. మెష్ కూడా గాలిలోనే నడుస్తుంది కాబట్టి పైన చెప్పిన చోటు లెక్కలన్నీ దానికీ వర్తిస్తాయి.

కొన్నాక వాపసు గడువు ఉండగానే పరీక్షించాలి, పగలు ఒకసారి, చుట్టుపక్కల అందరూ ఇంట్లో ఉండే రాత్రి వేళ ఒకసారి. ఫోన్‌ని ఎక్స్‌టెండర్‌కే కలిపి, దాని పక్కన నిలబడి స్పీడ్ చూడాలి, తర్వాత గదిలో చూడాలి. పక్కన కూడా తక్కువగా ఉంటే దాన్ని రౌటర్ వైపు ఇంకో ప్లగ్‌కి జరపాలి. పక్కన బాగుండి గదిలో పడిపోతే గది వైపుకి జరపాలి. అటు జరిపితే ఇటు, ఇటు జరిపితే అటు పోతుంటే ఆ ఇంటి గోడలకి ఈ పద్ధతి సరిపడదు, గడువు దాటకముందే దాన్ని వాపసు చేసి, ఆ డబ్బుతో పోర్ట్, యాక్సెస్ పాయింట్ మోడ్ ఉన్నదొకటి, దానికి తగినంత కేబుల్ తీసుకోవాలి.